మామగారి మతిమరుపు

లోకంలో తియ్యటి వస్తువు ఏది పుట్టినా, ఎవరో ఒక మగాడు ఏదో ఒకటి మరిచిపోవడం వల్లే పుట్టిందట. రస్కు ఎలా పుట్టిందంటే, ఒకడు రొట్టె ముక్కలు ఓవెన్‌లో పెట్టి తీయడం మరిచిపోయాడట. కుకీ ఎలా పుట్టిందంటే, ఇంకొకడు ఓవెన్ ఎంత వేడెక్కిందో చూద్దామని చెంచాడు కేకు పిండి వేసి, ఆ సంగతే మరిచిపోయాడట. పండ్ల టార్టుకు పైన మూత లేకపోవడానికి కూడా ఎవడిదో మతిమరుపే కారణమట. ఈ లెక్కన పూర్వం మగవాళ్లకు కాస్త జ్ఞాపకశక్తి ఉండి ఉంటే మనమంతా ఈపాటికి ఉత్త బ్రెడ్డు నములుతూ బతుకుతుండేవాళ్లం.

ఈ చరిత్రంతా నేను పుస్తకాల్లో చదివింది కాదు. మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, మా బేకరీ కౌంటర్ వెనక నిలబడి రోజూ చెప్పేది. వీధిలో అందరూ ఆయన్ని ప్రొఫెసర్ అంటారు. ఆయన దాన్ని బిరుదు అనుకుంటున్నారు. అనుకోనివ్వండి, మనకేం పోయింది.

అన్ని చరిత్రల్లోకీ ఆయనకు ప్రాణప్రదమైంది బ్రౌనీ చరిత్ర. ఎందుకంటే అందులో మరిచిపోయినవారు సాక్షాత్తూ మా మామగారు. ఒకరోజు మామగారు చాక్లెట్ కేకు చేస్తూ బేకింగ్ పౌడర్ వేయడం మరిచిపోయారట. కేకు పొంగలేదట. పారేద్దామని ముక్క నోట్లో వేసుకుంటే అమృతమట. అంతే, ప్రపంచంలో బ్రౌనీ అనేది పుట్టిందట. మామగారు నేను ఈ ఇంటికి రాకముందే పోయారు కాబట్టి నేను ఆయన్ని అడిగి తెలుసుకునే అవకాశం లేదు. కానీ ఒక్క మాట చెప్తాను. చాక్లెట్ కేకులో బేకింగ్ పౌడర్ వేయకపోతే వచ్చేది బ్రౌనీ కాదు, ఇటుక. ఊగే బల్ల కాలు కింద పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. బ్రౌనీకి వెన్న వేరు, చాక్లెట్ వేరు, పిండి కొలత వేరు, ఓవెన్‌లోంచి తీసే వేళ వేరు. ఇన్నీ ఒకేసారి మరిచిపోవాలంటే మామూలు మతిమరుపు చాలదు.

మా బేకరీ ఎలా ఉంటుందో చెప్పాలి. ముందుగదిలో అద్దాల బీరువా, కౌంటరు, కూర్చోవడానికి నాలుగు కుర్చీలు. వెనకగదిలో ఓవెను, పెద్ద బల్ల, మైదా డబ్బాలు. రెండు గదుల మధ్య నడుమెత్తు గోడ మాత్రమే ఉంటుంది. దాంతో కొనడానికి వచ్చినవాళ్లకు మా చేతులు కనిపిస్తాయి, మాకు వాళ్ల మొహాలు కనిపిస్తాయి. బావగారి భార్య, అంటే నేను అక్కా అని పిలిచే మా తోడికోడలు, కేకుల మీద క్రీము పూలు వేస్తుంది. పఫ్ఫులు, మఫిన్లు, కుకీలు, స్విస్ రోల్సు నా చేతి పని. మా ఆయన వ్యాను నడుపుతూ హోటళ్లకు సరుకు దింపి వస్తారు. ఆయన మాట్లాడటం అరుదు. ఇంట్లో మాటల కోటా అంతా అన్నగారే వాడేస్తారు మరి.

బ్రౌనీ మాత్రం మా అత్తయ్యది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, చాక్లెట్టూ వెన్నా కలిపి సన్నటి సెగ మీద కరిగిస్తుంది. ఆ పని ఇంకెవరికీ ఇవ్వదు. బ్రౌనీల్లో రకాలేం తక్కువ లేవు. కొరికితే పొడిపొడిగా రాలే కేకు రకం ఉంది, పంటికి అంటుకునే ముద్ద రకం ఉంది, పైన వాల్‌నట్లు చల్లేది ఉంది, చాక్లెట్ అన్నదే లేకుండా తెల్లగా పాలిపోయి బ్లాండీ అని పేరు పెట్టుకుని తిరిగేది కూడా ఉంది. అత్తయ్య చేసేది ఒక్కటే రకం. పైన కాగితంలాంటి పల్చటి పొర, లోపల వేలు పెడితే దిగిపోయేంత మెత్తన. ట్రే ఆరగానే బావగారు వచ్చి సరిగ్గా నడిమధ్య ముక్క తీసుకుని తినేస్తారు. నాణ్యత పరీక్ష అట. అంచు ముక్కలో నాణ్యత ఉండదు కాబోలు.

ఇక బావగారి చేతి పని గురించి. స్పాంజి కేకు పిండి ఆయనే కలుపుతారు. యజమాని చెయ్యి పడకపోతే కేకు కేకు కాదని ఆయన నమ్మకం. గిన్నె బల్ల మీద పెట్టుకుని, మొహం ముందుగది వైపు తిప్పి, వచ్చినవాళ్లకు చరిత్ర చెబుతూ కలుపుతారు. చెప్పడం మరిచిపోరు, బేకింగ్ పౌడర్ వేయడం మరిచిపోతారు. ఏనాడూ వేసిన పాపాన పోలేదు. ఆ ఒక్క విషయంలో నిజంగానే తండ్రి పేరు నిలబెడుతున్నారు.

మరి మా కేకులు పొంగుతున్నాయి కదా అంటారా. పొంగుతాయి, ఎందుకంటే ఆయన అటు తిరిగి ఏదో తేదీ చెబుతున్నప్పుడు అత్తయ్య వెనకనుంచి వచ్చి చెంచాడు పౌడర్ గిన్నెలో వేసేస్తుంది. వేశాక గిన్నె అంచు మీద చెంచాతో టకటకమని కొడుతుంది. అంటే పని అయిపోయింది, ఇంకెవరూ వేయకండి అని మాకు గుర్తు. అత్తయ్యకు ఒంట్లో బాగాలేని రోజున అక్కో నేనో వేసి టకటకమనిపిస్తాం. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ఈ బేకరీలో నేర్పిన మొదటి విద్య ఇదే. బావగారికి మాత్రం ఆ చప్పుడు ఏమిటో ఈనాటికీ తెలియదు. చెంచాకు అంటిన పిండి దులుపుతున్నామనుకుంటారు. కొడుకు చిన్నబుచ్చుకుంటాడని అత్తయ్య చెప్పనివ్వలేదు. తన చెయ్యి లేనిదే కేకు కేకు కాదని ఆ మనిషి ధీమాగా బతికేస్తున్నారు.

ఇలా హాయిగా సాగిపోతుండగా పక్కన గడియారాలు బాగుచేసే ఆయన కొట్టు గోడకు ఇత్తడి ఫలకం వచ్చిపడింది. ఊళ్లో పాత కొట్లకు, వాటి మూలపురుషుల పేర్లు చెక్కి ఫలకాలు పెట్టే పని మునిసిపాలిటీవాళ్లు మొదలుపెట్టారు. దానికి ఒక మేడమ్‌ని వేశారు. ఆ ఫలకం చూసిన రోజునుంచి బావగారికి అన్నం సయించలేదు. మా నాన్న బ్రౌనీ కనిపెట్టాడు, ఆ ముసలాయన ఏం కనిపెట్టాడు, టైము కనిపెట్టాడా అని ఒకటే గొణుగుడు. చివరికి ఆ మేడమ్ చుట్టూ తిరిగి తిరిగి మా బేకరీకి పట్టుకొచ్చారు.

ఫలకాల మేడమ్ మంచి మనిషి. కళ్లజోడు పైకి తోసుకుంటూ అన్నీ ఓపిగ్గా విన్నది. విన్నాక నెమ్మదిగా బావగారి గాలి తీసేసింది. పౌడర్ మరిచిపోయిన కథ తను చాలా ఊళ్లలో, చాలా బేకరీల్లో విన్నదట. చేత్తో పట్టుకుని తినేలా డబ్బాలో పెట్టుకుపోయే చిన్న కేకు కావాలని ఎక్కడో ఆడవాళ్లు అడిగితే హోటల్ వంటవాళ్లు చేసిచ్చారన్న కథ కూడా ఉందట. అసలు మొదట్లో ఆ పేరుతో చేసిన కొన్నింట్లో చాక్లెట్టే లేదంటారట. కాబట్టి ప్రపంచంలో మొదటిది అని రాయడం కుదరదు, ఈ ఊళ్లో మొదటిది అని రాస్తామంది. ఫలకం చిన్నది, ఒక వాక్యం, ఒక పేరు పడుతుంది, మరోసారి వచ్చి ఎలా చేస్తారో చూసి ఖాయం చేస్తానని చెప్పి వెళ్లిపోయింది.

ప్రపంచం చేజారిపోయినందుకు బావగారు రెండు పూటలు దిగులుపడ్డారు. తర్వాత ఊరైనా దక్కింది కదా అని సర్దుకున్నారు. మామగారి పేరు ఏ అక్షరాల్లో బాగుంటుందో కాగితాల మీద రాసి రాసి చూసుకున్నారు.

నేను అదంతా పట్టించుకునేదాన్ని కాదు. ఒకరి పేరు గోడకెక్కితే నా పఫ్ఫులు మాడిపోవు కదా. కానీ ఒకరోజు మధ్యాహ్నం అత్తయ్య తలుపు పక్కన గోడను తడిగుడ్డతో తుడుస్తోంది. గోడంతా కాదు, ఫలకం వచ్చే చోటు వరకే. తుడిచి, దూరంగా జరిగి చూసి, మళ్లీ తుడిచింది. నేను చూస్తున్నానని తెలిసి, అక్షరాలు ఎంత పెద్దవి ఉంటాయని అడిగింది. ఏమో అన్నాను. గుడ్డ పిండుకుంటూ, "ఒక్క పేరే పడుతుందా అమ్మాయ్?" అంది.

ఇన్నేళ్లలో ఆవిడ నోట తనకంటూ ఏదైనా కావాలన్న మాట వినలేదు. ఇది కూడా కావాలని అనలేదు, పడుతుందా అని అడిగిందంతే. కానీ గోడ తుడుస్తున్న ఆ చెయ్యి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, ఆవిడకు ఆ ఫలకం మీద తన పేరు చూసుకోవాలని ఉంది. రోజూ బ్రౌనీ చేసేది ఆవిడ, చేసీ చేసీ చేతుల మీద ఓవెన్ వాతలు ఆవిడవి. మామగారికి ఓవెన్ వెలిగించడమే రాదని అక్క ఎన్నోసార్లు నాతో చెప్పింది. ఇత్తడి మీద ఒకసారి పేరు చెక్కేశాక ఇంకెవరు మారుస్తారు? ఆవిడ బతికుండగానే ఆవిడ కళ్లముందే ఆవిడ లేనట్టు అయిపోతుంది.

నాకు ఒళ్లు మండింది. బావగారి దగ్గరికి వెళ్లి, ఫలకం మీద అత్తయ్య పేరు ఉండాలన్నాను. ఆయన నవ్వి, చిన్నపిల్లకు చెప్పినట్టు వివరించారు.

"అమ్మ చేస్తుంది. ఎవరు కాదన్నారు? కానీ కనిపెట్టింది నాన్న కదమ్మా. చేసేవాళ్లు ఎంతమందైనా ఉంటారు."

మరిచిపోవడం కనిపెట్టడం ఎలా అవుతుందండీ అన్నాను. గొప్పవాళ్లు మరిచిపోతే అలాగే అవుతుందన్నారు. అత్తయ్య దగ్గరికి వెళ్లి, అసలు ఆ రోజు ఏం జరిగిందో మీరైనా చెప్పండి అని గోలపెట్టాను. "పోనీలే" అంది. ఆ ఇంట్లో దేనికైనా ఆవిడ దగ్గరున్న మందు అదే. చాక్లెట్ రేటు పెరిగినా పోనీలే, పేరు పోయినా పోనీలే.

మేడమ్ వచ్చే రోజు రానే వచ్చింది. బావగారు మాకు ముందే ఆజ్ఞలు జారీ చేశారు. వెనకగదిలో చప్పుడు వినిపించకూడదు, ఎవరూ మాట్లాడకూడదు, మేడమ్ ముందు తను స్వయంగా చాక్లెట్ కేకు చేసి చూపిస్తారు. అమ్మ పని ముట్టుకోకూడదు, మంచి బట్టలు కట్టుకుని మూలపురుషుడి భార్య హోదాలో ముందుగదిలో కుర్చీలో కూర్చోవాలి, నవ్వాలి. అత్తయ్య అలాగే కూర్చుంది. నవ్వమన్నారు కాబట్టి నవ్వింది.

ఇక్కడ ఆయన మాకు చెప్పని ముక్క ఒకటుంది. నాన్నగారు ఎలా మరిచిపోయారో అచ్చం అలాగే తను మరిచిపోయి చూపించాలని ఆయన ప్లాను. కేకు పొంగకుండా అణిగిపోతుంది, మేడమ్ నోట్లో పెట్టుకుంటుంది, చరిత్ర రుజువైపోతుంది. మేమందరం ఆశ్చర్యపోవాలని మాకు చెప్పలేదట. బాగా ఆశ్చర్యపోయాం లెండి.

ఆయన గిన్నె ముందు పెట్టుకుని మొదలుపెట్టారు. వెన్న కలిపారు, పంచదార కలిపారు, గుడ్లు కొట్టారు, మైదా, కోకో పొడి జల్లించారు. నోరు మాత్రం ఆగలేదు. పౌడర్ డబ్బా పక్కనే ఉంది, దాని వైపు చూడనైనా చూడలేదు. మామూలేగా అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, అత్తయ్య ముందుగదిలో కుర్చీకి అతుక్కుని ఉంది, పౌడర్ వేసే దిక్కు లేదు. ఆయన మేడమ్ వైపు తిరిగి తండ్రిగారి బాల్యం చెబుతున్నప్పుడు మెల్లగా వెళ్లి చెంచాడు వేసేశాను. టకటకమనబోయి ఆగిపోయాను. చప్పుడు కాకూడదన్నారుగా.

నేను ట్రేలు తేవడానికి అటు వెళ్లగానే, అక్కకు అదే గుర్తొచ్చింది. అత్తయ్య లేదు, చప్పుడు వినపడలేదు, అంటే ఎవరూ వేయలేదన్నమాట. మేడమ్ ముందు భర్త పరువు పోతుందని భయపడి, ఒక చెంచా చాలదేమోనని నిండుగా తీసి వేసింది. అదే వేళకు మా ఆయన వ్యాను ఆపి లోపలికి వచ్చారు. ఆ గదిలోనే పెరిగిన మనిషి, ఆ టకటక చప్పుడు ఏళ్ల తరబడి విన్న మనిషి. అమ్మ ముందుగదిలో ఉందని చూశారు, చప్పుడు లేదని గమనించారు, ఎన్నడూ లేనిది ఆ రోజే ఆయనకు బాధ్యత పుట్టుకొచ్చింది. చెంచా కనబడక చేత్తోనే వేశారు.

బావగారు పిండిని టిన్నులో పోసి, ఓవెన్‌లో పెట్టి, అద్దం తలుపుకు వీపు పెట్టి మేడమ్ ఎదురుగా నిలబడ్డారు. ఆ రోజు నాన్నగారు ఇలాగే ఎదురుచూశారు మేడమ్, కేకు లేవలేదు, నాన్నగారి గుండె ఆగినంత పనైంది, అని గొంతు వణికిస్తూ చెబుతున్నారు. ఆయన వెనక అద్దంలో కేకు లేస్తోంది. టిన్ను అంచు దాటింది. అయినా ఆగలేదు. ఇవతలి పక్కనుంచి జారి, అవతలి పక్కనుంచి జారి, ఓవెన్ అడుగున పడి చుయ్యిమంటోంది. మేడమ్ కళ్లజోడు పైకి తోసుకుని ఆయన భుజం మీదుగా అటే చూస్తోంది. తన కథకు కళ్లార్పకుండా ఉండిపోయిందనుకుని బావగారు ఇంకా రెచ్చిపోయారు. అక్క నా వైపు చూసింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నారు.

మాడిన వాసన రాగానే బావగారు తిరిగారు. ఆ మొహం చూడాలి. కానీ అదృష్టవంతులను ఎవరూ ఆపలేరు. పౌడర్ మరీ ఎక్కువైన కేకు ఎంత తొందరగా లేస్తుందో అంత తొందరగా కూలుతుంది. ఆయన తలుపు తీయగానే అది చతికిలబడి, మధ్యలో గుంటపడి కూర్చుంది. చూశారా మేడమ్, అణిగిపోయింది, సరిగ్గా ఆ రోజులాగే, అని ఆయన పొంగిపోయారు. కాస్త చల్లారగానే గబగబా ముక్క కోసి పళ్లెంలో పెట్టి ఇచ్చారు. ఆ మనిషి ధైర్యానికి మెచ్చుకోవాలి.

మేడమ్ కొరికింది. నమలడం మొదలుపెట్టి ఆపేసింది. అంత పౌడర్ పడిన కేకు ఎలా ఉంటుందంటే, సబ్బు కొరికినట్టుంటుంది. ఆవిడ మర్యాదస్తురాలు కాబట్టి ఉమ్మలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా మంచినీళ్లు అడిగి గడగడా తాగింది. తర్వాత, మీరు రోజూ అమ్మేది ఒకటి పెడతారా అని చిన్న గొంతుతో అడిగింది.

ఎవరం కదల్లేదు. అత్తయ్యే లేచింది. బీరువా తెరిచి, పొద్దున తను చేసిన ట్రేలోంచి మధ్య ముక్క ఒకటి తీసి ఇచ్చింది. మేడమ్ తింది. సబ్బు తిన్న నోటికి అది ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. మాట్లాడకుండా పూర్తిగా తినేసి, వేళ్లు కూడా నాకి, ఇది ఎవరు చేశారని అడిగింది. నాన్నగారి పద్ధతి మేడమ్ అన్నారు బావగారు. ఆయన పోయి చాలా ఏళ్లైందన్నారు కదా, ఇవాళ పొద్దున ఎవరు చేశారని అడుగుతున్నాను అంది మేడమ్.

ఇక నా వల్ల కాలేదు. అత్తయ్య చేసింది, ఇవాళే కాదు, ఎప్పుడూ ఆవిడే చేస్తుంది అని అరిచినంత పని చేశాను. బావగారు నన్ను చూసిన చూపుకు ఓవెన్ అవసరం లేకుండానే మాడిపోయి ఉండాలి. వెంటనే మేడమ్ వైపు తిరిగి, చేసేది అమ్మే, కానీ కనిపెట్టింది నాన్న, ఆయన ఆ రోజు మరిచిపోకపోతే, అని మళ్లీ పురాణం విప్పబోయారు.

"ఆయన మరిచిపోలేదురా" అంది అత్తయ్య.

గట్టిగా కూడా అనలేదు. ఆవిడ బావగారి వైపు చూడకుండా మేడమ్‌తో చెప్పింది.

"ఆయన ఆ పిండి ముట్టుకోనే లేదు. నేనూ మరిచిపోలేదు. కావాలనే వెయ్యలేదు."

ఎందుకని మేడమ్ అడిగింది. అత్తయ్య కుర్చీలో కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని చెప్పుకొచ్చింది. పెద్దవాడు చిన్నప్పుడు ఏం పెట్టినా తినేవాడు కాదట. ఎముకలు లెక్కపెట్టేలా ఉండేవాడట. కేకు నడిమధ్య సరిగ్గా కాలకుండా మెత్తగా ఉండిపోయే చోటు ఉంటుంది కదా, దాన్ని మాత్రం వేలు పెట్టి తవ్వి తినేవాడట. చిల్లుపడ్డ కేకు ఎవరు కొంటారు? మామగారు చెయ్యి చేసుకునేవారట. వేలి మీద కొట్టేవారట.

"వీడికి తినడానికి ఉన్నది అదొక్కటే. దానికీ దెబ్బలే. అందుకని అంతా మధ్యలాగే ఉండేది ఒకటి చేద్దామనుకున్నా. పిండి తగ్గించి, వెన్నా చాక్లెట్టూ ఎక్కువ వేసి, పూర్తిగా కాలకముందే తీసేశాను. పౌడర్ వేస్తే పొంగుతుందని వెయ్యలేదు. ఎన్నిసార్లు చేశానో, అలా కుదిరేదాకా."

ఒకరోజు మామగారు ఆ ట్రే చూసి ఇదేమిటని గద్దించారట. పిల్లాడి కోసం అంత చాక్లెట్ వాడానని చెప్తే ఇల్లు పీకి పందిరేసేవారు. అందుకని భయపడి, పౌడర్ వేయడం మరిచిపోయానండీ అని చెప్పిందట. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకున్నారు, ఏమీ అనకుండా ట్రే పట్టుకెళ్లి బీరువాలో పెట్టారు. సాయంత్రానికి అదంతా అమ్ముడుపోయింది. కొనడానికి వచ్చినవాళ్లతో, నేను ఇవాళ పౌడర్ వేయడం మరిచిపోయానండీ అని నవ్వుతూ చెబుతున్నారట.

"నేనాడిన అబద్ధం కూడా నాకు మిగల్లేదు" అని అత్తయ్య కాస్త నవ్వింది. ఎవరో చెప్తే వచ్చిన నవ్వు కాదది.

అక్క ఏడుస్తోంది. నేనూ కొంగుతో కళ్లు తుడుచుకున్నాను, సిగ్గెందుకు చెప్పడానికి. ఆ బ్రౌనీ నేను రోజూ తింటున్నాను, ఒక పిల్లాడికి దెబ్బలు తగలకుండా చేసిన వస్తువని నాకు ఎవరు చెప్పారు?

ప్రొఫెసర్‌కు మాట రాకపోవడం ఈ వీధి చరిత్రలో అదే మొదలు. కుడిచేతి చూపుడువేలు ఎత్తి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నారు. "నాతో ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?" అన్నారు.

"నువ్వు ఎప్పుడూ చెప్తూనే ఉంటావు కదరా" అంది అత్తయ్య. "నేనెప్పుడు చెప్పను?"

మేడమ్ సంచిలోంచి కలం తీసింది. ఏ పేరు రాయమంటారని ఎవరినీ అడగలేదు. అత్తయ్య వైపే తిరిగి, మీ పేరు చెప్పండమ్మా అంది. అత్తయ్యకు ఏమైందో, పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. ఆ పేరు ఎవరైనా పిలిచి ఎన్నేళ్లైందో. అమ్మా అనీ, అత్తయ్యా అనీ, పెద్దమ్మగారూ అనీ పిలుస్తాం. మామగారైతే ఏమేవ్ అనేవారట.

అప్పుడు బావగారు చెప్పారు. తల్లి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పారు. మేడమ్ రాసింది ముందుకు వంగి చూసి, ఒక దీర్ఘం తప్పిపోతే దిద్దించారు. ఆయన నోట ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. తర్వాత ఓవెన్ అడుగున అంటుకున్న పిండిని తనే కూర్చుని గీకారు, ఎవరినీ రానివ్వలేదు.

ఫలకం వచ్చింది. అత్తయ్య తుడిచిన చోటే బిగించారు. గడియారాల ఆయన వచ్చి చూసి, ఆవిడ పేరు ఇదా, ఇన్నాళ్లూ తెలియదే అన్నాడు. పొద్దున కొట్టు తెరవగానే బావగారు ముందు దాన్ని తుడిచి, ఆ తర్వాతే లోపలికి వస్తున్నారు. పౌడర్ వేయడం ఇప్పటికీ మరిచిపోతూనే ఉన్నారు. మేము టకటకమనిపిస్తూనే ఉన్నాం.

మనిషి మారిపోయాడని నేను మురిసిపోతుండగా, వారం తిరక్కుండానే కౌంటర్ దగ్గర మళ్లీ గొంతు లేచింది. చెవి పెట్టి విన్నాను. ప్రపంచంలో గొప్ప గొప్ప వస్తువులన్నీ ఎవరో ఒక పిల్లాడు వేలు పెట్టడం వల్లే పుట్టాయట. ఆ రోజు తను గనక కేకులో వేలు పెట్టి ఉండకపోతే ఈ ఊళ్లో బ్రౌనీయే లేదట. ఇదిగో ఆ వేలు, అని చూపిస్తున్నారు కూడా. కొనడానికి వచ్చినావిడ పాపం ఆ వేలిని భక్తిగా చూస్తోంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిండి చేతులతోనే అత్తయ్య దగ్గరికి వెళ్లి, విన్నారా, ఇప్పుడు అంతా తన వేలి మహిమేనట, మీరు వెళ్లి ఆపుతారా నన్ను వెళ్లమంటారా అన్నాను. ఆవిడ చాక్లెట్ కరిగే గిన్నెలోంచి తల ఎత్తలేదు.

"చెప్పుకోనీలే" అంది. "ఈసారి నిజమేగా."